పానాలు, కటింగ్ ప్లేయర్లు: మేలైన పనిముట్ల నెంచుకొను విధము



మన గోదావరి డెల్టాలో నీటియింజనుగాని, కరెంటు మోటారుగాని, పవరు టిల్లరుగాని లేని గ్రామము నేడు అరుదు. వేల రూపాయలు పోసి యంత్రమును కొనునపుడు నలుగురిని విచారించి, రెండు మూడు ఊళ్లు తిరిగి చూచి కొనుచున్నాము. ఆ యంత్రమును విప్పి బిగించు పనిముట్లనన్ననో, సంతలో దారిప్రక్క గోనెపట్టామీద పరచినవానిలో చేతి కందినది తీసికొనుచున్నాము. ఈ యజాగ్రత్తవలన కలుగు నష్టము చిన్నది కాదు. కావున పనిముట్ల మేలు కీడుల నెరుగు విధమును, వెలకు తగిన విలువను లెక్కించు విధమును ఈ పాఠమునందు వివరింతును.

ముందుగా నా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. కొన్ని యేండ్లక్రిందట దాళ్వా చివరిదినములలో, కాలువ చిట్టచివరనున్న యొక శివారు గ్రామమున ఒక చిన్నరైతునకు నీటివంతు రాత్రి వచ్చినది. ఇంజను పీల్పుగొట్టము జాయింటు వదులై గాలి లాగుచుండెను. నట్టు బిగింపబోగా పానా నోరు విచ్చుకొని, నట్టు మూలలు అరిగి గుండ్రమయ్యెను. పానా జారి అతని వ్రేళ్ల కణుపులు చీలినవి. తెల్లవారి పట్టణమునుండి వేరొక నట్టు వచ్చులోపల వంతు దాటిపోయెను. పొట్టమీదనున్న చేను మరల వంతు వచ్చువరకు ఎండినది. ఆ పానాను వారపు సంతలో చవుకగా నున్నదని కొనిపించినవాడను నేనే. దానిమీద చేసినవారి పేరు లేకుండెను. ఆ సంగతి నేను చూచియు లెక్కచేయలేదు.

1. లోహమునందలి భేదము

పానా చేయుటకు రెండు మార్గములు గలవు. ఉక్కును ఎఱ్ఱగా కాల్చి అచ్చులో సమ్మెటపెట్టి రూపము దీర్చుట యొకటి. కరిగిన లోహమును మూసలో పోయుట రెండవది. సమ్మెటదెబ్బ తిన్న ఉక్కులో పోగులు పానా ఆకారము ననుసరించి సాగి దట్టమగును. అందుచే అది బరువు నోర్చును. నాసిగా పోతపోసినదానిలో గాలిబుడగలు నిలిచియుండవచ్చును. అట్టిది హఠాత్తుగా విరుగును. మన కమ్మరి కొడవలిని కొలిమిలో కాల్చి సాగగొట్టుట యేల యని యోచించినచో ఈ భేదము బోధపడును.

మేలైన పానాలను క్రోము వెనేడియము ఉక్కుతో చేయుదురు. ఆ ఉక్కులో క్రోమియము సుమారు నూటికి ఒక పాలు, వెనేడియము అంతకంటె చాల కొద్దిగ నుండును. కాని ఆ మాటను పిడిమీద ముద్రించుట యెవరికైనను సాధ్యమే. పైపూత తళతళను చూచియు మోసపోరాదు. క్రోము పూత త్రుప్పునుండి కాపాడును గాని లోపలి ఉక్కునకు బలము నీయదు. నాసిరకపు పూత పెచ్చులుగా లేచి అరచేతిని కోయును.

2. పేరుగల తయారీలు

మన అంగళ్లలో దొరకు పనిముట్లను మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటి తరగతి విదేశపు పేర్లు. అమెరికాలో 1843లో స్థాపితమైన స్టాన్లీ, జర్మనీలో 1919లో ఆరంభమైన గెడోర్, స్వీడన్ దేశపు బాకో ఇట్టివి. స్క్రూ త్రిప్పి నోరు పెద్దది చిన్నది చేయు రెంచికి 1892లో హక్కుపత్రము పొందిన యొహాన్సన్ అను స్వీడన్ దేశీయుని పనియే బాకో రెంచికి మూలము. విదేశపు పేరున్నంతమాత్రమున సరకు ఆ దేశమున తయారైనదని తలంపరాదు. ఏ దేశమున చేసినదో పొట్లముమీద చదివి చూడవలెను.

రెండవ తరగతి మన దేశపు పేరుగల తయారీలు. నాసిక్ నందలి టపారియా సంస్థ స్వీడన్ సాంకేతిక సహకారముతో 1969లో చేతి పనిముట్ల తయారీ నారంభించెను. పంజాబులోని జలంధరు, లూధియానా నగరములు ఈ పరిశ్రమకు ప్రసిద్ధములు. ఈస్ట్‌మన్ తయారీలు లూధియానావి. ఈ పరిశ్రమకు తోడ్పడుటకై 1983లో జలంధరునందు కేంద్ర చేతి పనిముట్ల సంస్థ స్థాపితమయ్యెను. ఆకురాళ్లలో జె.కె. పేరును, పారలు గునపములలో టాటా అగ్రికో పేరును మన రైతు లెరుగుదురు.

మూడవ తరగతి పేరులేనివి, లేక పేరుగలవానిని అనుకరించునవి. అసలు పేరులో ఒక అక్షరము మార్చియు, అదే రంగు పొట్లము కట్టియు అమ్ముచుందురు. కావున పేరును అక్షర మక్షరముగా చదువుడు.

పేరు మొదటి సాక్షి మాత్రమే. రెండవ సాక్షి ఐ.ఎస్.ఐ. గుర్తు. 1947లో ఏర్పడిన భారత ప్రమాణముల సంస్థ 1987నుండి భారతీయ ప్రమాణముల బ్యూరోగా నున్నది. నోరు తెరచియుండు పానాలకు ఐ.ఎస్. 2028, రింగు పానాలకు 2029, కటింగ్ ప్లేయర్లకు 3650, స్క్రూ డ్రైవర్లకు 844, సుత్తులకు 841 అను ప్రమాణములు గలవు. గుర్తుతోపాటు లైసెన్సు నంబరును చూడవలెను. ఆ నంబరు నిజమో కాదో బ్యూరోవారి బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను ఆప్‌లో మన కుఱ్ఱవాండ్రు నిమిషములో చూడగలరు. గుర్తు లేనిదెల్ల చెడ్డదని కాదు. గుర్తు లేనిచో మన పరీక్ష మరింత గట్టిగా నుండవలెనని భావము.

3. కొలతలందలి చిక్కు

పూర్వము ప్రతి కర్మశాలయు తన యిష్టమువచ్చినట్లు మరలు కోసికొనెడిది. 1841లో ఇంగ్లండు దేశపు విట్‌వర్తు అను యంత్రకారుడు మరలకు ఒకే ప్రమాణమును ప్రతిపాదించెను. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసిన కాలమునకు ఆ ప్రమాణము క్రొత్తది. ఇంగ్లీషు యంత్రములు మన దేశమునకు ఆ యంగుళపు కొలతలతోనే వచ్చినవి. 1956నాటి చట్టము పిమ్మట మనము మెట్రిక్ కొలతలకు మారితిమి. అందుచే ఒకే ఊరిలో పాత ఇంజనుకు అంగుళపు నట్లు, క్రొత్త మోటారుకు మిల్లీమీటరు నట్లు ఉండుట కలదు.

మిల్లీమీటరు పానామీది సంఖ్య నట్టు ఎదురెదురు ముఖముల నడిమి దూరము. 8 మి.మీ. బోల్టునకు 13 పానా, 10 బోల్టునకు 17 లేక 16, 12 బోల్టునకు 19 లేక 18 సరిపడును. విట్‌వర్తు పానామీది సంఖ్య యట్లు కాదు. అది బోల్టు కాండపు లావును తెలుపును. కావున 3/8 అని యున్న విట్‌వర్తు పానా నోరు సుమారు 18 మి.మీ. యుండును. అర అంగుళము ముఖముగల నట్టు 12.7 మి.మీ. మాత్రమే. దానికి 13 పానా తగిలించినచో ఆ కొద్ది సందే నట్టు మూలలను తినివేయును. ఎంత మేలైన పానాయైనను కొలత తప్పినచో చెడ్డపానాయే.

4. సంఘము చేయదగిన పరీక్షలు

ఒక్క రైతు తాను కొన్న పానాను పాడుచేసి చూడలేడు. సంఘము చూడగలదు. రెండు మూడు పేర్లవి ఒక్కొక్క నమూనా తెప్పించి, సభ్యుల యెదుట ఈ క్రింది విధముగా పరీక్షింపవచ్చును.

నోటి పరీక్ష: క్రొత్త బోల్టు నొకదానిని తగిలించి అటునిటు కదపుడు. నోటి రెండు ముఖములు సమానాంతరముగా నుండి, నట్టు ముఖమునంతయు తాకవలెను. కొనలుమాత్రమే తాకినచో విడువుడు.

ఆకురాయి పరీక్ష: పూత లేనిచోట, నోటి అంచున, సన్నని ఆకురాయిని తేలికగా నడుపుడు. మెత్తని యినుమువలె పొడి రాలినచో ఉక్కు పదను చాలదు. బొత్తిగా అంటక జారిపోయినచో పదను మితిమీరి పెళుసై యుండవచ్చును. కష్టముమీద కొద్దిగ అంటుట మంచి గుర్తు.

బరువు పరీక్ష: 10 మి.మీ. మేలురకపు బోల్టును గట్టి వైసులో బిగించి 17 పానా తగిలింపుడు. బోల్టు నడుమనుండి 20 సెంటీమీటర్ల దూరమున పిడికి 25 కిలోల బరువు నెమ్మదిగా వ్రేలాడదీయుడు. 25ను 0.20చే గుణింపగా 5 వచ్చును. అట్టి బోల్టును పూర్తిగా బిగించుటకు కావలసిన బలము ఇంచుమించు ఇంతయే. బరువు తీసి నోటిని మరల కొలువుడు. విచ్చుకొన్న పానాను కొనవలదు. పరీక్ష జరుగునపుడు బరువు క్రింద ఎవరి కాలును ఉండరాదు.

కటింగ్ ప్లేయరు పరీక్ష: నోరు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడుడు. కత్తెరభాగమున వెలుతురు కనబడరాదు. పలుచని కాగితమును, పిదప మెత్తని ఇనుపతీగను కోసి, అంచున గంటు పడెనేమో చూడుడు. కీలు పట్టివేయకయు, ఊగులాడకయు నుండవలెను.

స్క్రూ డ్రైవరు, సుత్తి: డ్రైవరు కొన స్క్రూ గాడిలో నిండుగా కూర్చుండవలెను. గట్టిగా త్రిప్పినపుడు కొన మెలిపడరాదు. సుత్తి తల పిడిలో కదలరాదు. పదనుగల సుత్తిని మరియొక సుత్తితో కొట్టరాదు. పెచ్చు లేచి కంటిలో పడును.

5. ప్రాణమునకు సంబంధించిన మాట

ప్లేయరు పిడులకు తొడిగిన రంగుతొడుగును చూచి, కరెంటు తగులదని మనవారు ధైర్యపడుచున్నారు. ఇది ఘోరమైన పొరపాటు. మామూలు తొడుగు పట్టు కుదురుటకు మాత్రమే. 1000 వోల్టులని ముద్రించి, ఒకదానిపై నొకటి వేసిన రెండు త్రికోణముల గుర్తుగల పిడులు మాత్రమే కరెంటుపని కొరకు పరీక్షింపబడినవి. అవియు చిరిగినచో పనికిరావు. ఎట్టి పిడియున్నను, తడిచేలో నిలుచుండి మోటారు తీగను ముట్టకుడు. ముందుగా మెయిను ఆపి ఫ్యూజులు తీసి, వానిని మీ జేబులోనే ఉంచుకొనుడు.

6. వెల, విలువ

ఉదాహరణకు ఒక లెక్క వేయుదము. ఒక పానా వెల 100 రూపాయలు, ఏడాదికి చెడును. మరియొకటి 300 రూపాయలు, పదియేండ్లు పనిచేయును. పదియేండ్లలో మొదటిరకమునకు 1000 రూపాయలగును, రెండవదానికి 300. ఏటికి 100కు బదులు 30 మాత్రమే. పాడైన నట్లు, పట్టణమునకు పోవు ఖర్చు, తప్పిన నీటివంతు ఈ లెక్కలో చేర్చలేదు.

అయినను అన్నియు మిక్కిలి వెలగలవే కావలెనని నేననను. దినమంతయు పానా పట్టు మెకానిక్కునకు విదేశపు సరకు అక్కరకు రావచ్చును. నెలకు రెండుమార్లు ఇంజను విప్పు రైతునకు పరీక్షలో నిలిచిన స్వదేశపు పానా చాలును. వందముక్కల పెట్టె యని చవుకగా అమ్మునదానిని కొనవలదు. అందులో మీకు పనికివచ్చునవి పది యుండవు. ఆ సొమ్ముతో ఈ క్రింది వానిని విడిగా కొనుడు:

తెరచిన నోటి పానాలు 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 24-27, రింగు పానాలు ఇంజనులో తరచుగ వచ్చు మూడు కొలతలవి, 250 మి.మీ. స్క్రూ రెంచి ఒకటి, 350 మి.మీ. పైపు రెంచి ఒకటి, 200 మి.మీ. కటింగ్ ప్లేయరు ఒకటి, స్క్రూ డ్రైవర్లు రెండు, అరకిలో సుత్తి ఒకటి, ఆకురాయి ఒకటి, వాల్వు సందు కొలుచు రేకులు ఒక జత. అంగుళపు నట్లున్న ఇంజనుకు తగిన పానాలు వేరుగా నుండవలెను.

బిగిసిన నట్టును మొదట రింగు పానాతోనే కదపుడు. అది చుట్టును పట్టును గనుక మూలలు చెడవు. పిడికి గొట్టము తొడిగి పొడిగింపకుడు. పొడవు రెండింతలైనచో నోటిమీది భారమును రెండింతలగును. త్రుప్పు పట్టిన నట్టునకు నూనె వేసి కొంతసేపు ఆగుట మేలు.

7. భద్రపరచుట

నేను చదివిన మిషన్ పాఠశాలలో వడ్రంగము నేర్పు తరగతి యుండెడిది. పనిముట్టును తుడువక పెట్టెలో నుంచిన పిల్లవాడు మరునాడు అందరి పనిముట్లును తుడువవలసియుండెడిది. ఆ యలవాటు నేటికిని నన్ను విడువలేదు. మన డెల్టాలో గాలియే తేమ. సముద్రతీర గ్రామములందు ఉప్పు కూడ చేరును. పని ముగియగనే బురద కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఇంజను నూనె పలుచగా రాయుడు. తడి గోనెలో చుట్టి ఇంజను షెడ్డు మూలను పడవేసినచో ఏ పేరుగల పానాయైనను ఒక సార్వా కాలములోనే పాడగును.

సంఘ సభ్యులు రాబోవు సమావేశమునకు తమ తమ ఇంజనుల నట్ల కొలతలను వ్రాసి తెచ్చినచో, ఏయే పానాలు ఎన్ని కావలెనో తేలును. నమూనాలు పరీక్షించి, నిలిచినవానిని ఒక్కసారిగా కొన్నచో వెలయు తగ్గును. రశీదుతో కొందుము గనుక చెడ్డది వచ్చినచో తిరిగి యిచ్చుటకును హక్కుండును. పైన చెప్పిన రైతు ఇప్పుడు తన పెట్టెలో మూడు రింగు పానాల నుంచుకొన్నాడు. నోరు విచ్చుకొన్న ఆ పాత పానాను నేను అడిగి తెచ్చుకొని, పాఠము చెప్పు బల్లమీద ఉంచితిని. చూడగోరువారు వచ్చి చూడవచ్చును.