శోధన రాకమునుపే

బైబిలు పాఠము: మత్తయి 4:1–11
తోడుగా చదువవలసినవి: దానియేలు 1:8; 1 కొరింథీయులకు 10:12–13; యాకోబు 1:12–15



ఉద్దానములో కాపురమున్నవారికి అక్టోబరు మాసమును గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటెను. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమును కొట్టెను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస సమీపముననే తీరము దాటి, కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలకూల్చెను. ఇన్ని చూచినవారము గనుక, గాలి లేచిన తరువాత ఇంటి కప్పు బిగించుకొనువాడు మనలో ఎవడును లేడు. ఆకాశము నిర్మలముగా నున్నప్పుడే ఆ పని చేసికొందుము.

అయితే ఆత్మ విషయములో మనమెందుకో ఈ తెలివిని మరచుచున్నాము. శోధన వచ్చినప్పుడు చూచుకొందములే అనుకొందుము. వచ్చినప్పుడు చూచుకొనుటకు వ్యవధి యుండదు. శోధనపై జయము శోధన గడియలో మొదలు కాదు, అంతకు ముందే మొదలగును. ఈ నెల పాఠములో మనము నేర్చుకొనవలసినది ఇదియే.

1. శోధన అనగా నేమి?

మన తెలుగు బైబిలులో శోధన అను మాట రెండు అర్థములలో కనబడును. విశ్వాసికి కలుగు కష్టమునకును శోధన అనియే పేరు, పాపమునకు లాగు ఆశకును శోధన అనియే పేరు. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలోను ఈ రెంటికి ఒక్కటే మాట. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములో శోధనలలో సంతోషింపుమని చెప్పి, కొన్ని వచనముల తరువాత దేవుడెవరిని కీడునకు పురికొల్పువాడు కాడని చెప్పుచున్నాడు. ఇది ఎట్లు పొసగును?

పలాస, కాశీబుగ్గలలోని జీడి కర్మాగారములలో పప్పును గ్రేడింగు చేయు స్త్రీలను మీరెరుగుదురు. ఆమె పప్పును చేతబట్టి చూచును, గుండును గుండులోను, బద్దను బద్దలోను వేయును. రాత్రివేళ ఎలుకయు అదే పప్పును పట్టును. పప్పు ఒక్కటే గాని పట్టినవారి ఉద్దేశములు వేరు. ఒకరు దాని విలువను తేల్చుటకు, మరియొకటి దానిని కొరుకుటకు. అట్లే ఒకే కష్టములో దేవుడు మన విశ్వాసమును తేల్చుచుండగా, అపవాది దానిని కొరుకజూచును. కాబట్టి కష్టము వచ్చినదని భయపడనక్కరలేదు. ఆ కష్టములో మన ప్రక్కకు వచ్చి మెల్లగా మాటలాడు స్వరము ఎవరిదో గుర్తుపట్టవలెను.

2. అరణ్యములో మూడు స్వరములు

మన ప్రభువు బాప్తిస్మము పొంది, నీవు నా ప్రియ కుమారుడవని తండ్రి సాక్ష్యమిచ్చుట వినిన వెంటనే అరణ్యమునకు కొనిపోబడెను. అపవాది మొదట పట్టుకొనినది ఆ మాటనే. కుమారుడవైతే ఋజువు చూపుమనెను. దేవుడు చెప్పినదానిపై అనుమానము పుట్టించుట వాని మొదటి పని.

మొదటి శోధన రొట్టెను గూర్చినది. ఆకలిగొనినవానికి రొట్టె చూపుట పాపముగా కనబడదు. అవసరము నిజమైనదే. తప్పుడు త్రోవ మాత్రమే దానికి జతపరుపబడును. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పవలసియున్నది.

తిత్లీ తరువాత ప్రభుత్వము పడిపోయిన చెట్లను లెక్కింపించి పరిహారమిచ్చెను. మా తోటలో కూలిన కొబ్బరి చెట్లు 38. లెక్క వ్రాయువారు రాకమునుపు నా బంధువొకడు వచ్చి, “అరవై అని రాయించీ బావా. అందరూ అలాగే రాయిస్తన్నారు. గవర్నమెంటు సొమ్మే గదా, ఎవరింట్లోదీ కాదు” అనెను. నేను వానిని కోపపడలేదు. వద్దని గట్టిగా చెప్పనైనలేదు. కొబ్బరి మొక్క నాటిన తరువాత కాపునకు ఎన్నేండ్లు పట్టునో నాకు తెలియును. ఇంటిలో బియ్యము నిండుకొనుచున్న సంగతియు తెలియును. అరవై అను మాట నా నాలుక చివర నిలిచియుండెను.

అయితే అంతకు ముందటి సాయంకాలము నా భార్య, మా చిన్న కుమార్తె తోటలో తిరిగి, పడిన ప్రతి మొద్దుకు సున్నపు బొట్టు పెట్టి, లెక్కను నోటుపుస్తకములో వ్రాసియుండిరి. అధికారి ఎన్ని అని అడుగగానే, నేను నోరు తెరువకమునుపే, పిల్ల “ముప్పై ఎనిమిదండీ” అని చెప్పివేసెను. ఆయన అట్లే వ్రాసికొనెను. మా ఇంటి వారు నన్ను మెచ్చుకొనిరి. నేను తల దించుకొంటిని. ఆ జయము నాది కాదు. అది ముందటి సాయంకాలము పెట్టిన సున్నపు బొట్లది.

ఆ దినమున నాకు 1 కొరింథీయులకు 10:13 క్రొత్తగా అర్థమాయెను. ప్రతి శోధనతోకూడ దేవుడు బయటపడు త్రోవ నొకటి ఏర్పరచునని పౌలు చెప్పుచున్నాడు. ఆ త్రోవ గొప్ప సింహద్వారమై యుండునని నేననుకొనెడివాడను. ఒక పసిపిల్ల నోటి మాటయంత చిన్నదై యుండునని తలంపలేదు.

రెండవ శోధన దేవాలయ శిఖరము మీదిది. ఇది భక్తిగలవారికి వచ్చునది. అపవాది ఇక్కడ 91వ కీర్తనను నోట పట్టుకొని వచ్చెను. క్రిందికి దుముకుము, దేవుడు పట్టుకొనడా అని అడిగెను. మన ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇండ్లను కన్నీట ముంచినదో వేరుగా చెప్పనేల? దీనికి కారణమిదియని శాస్త్రజ్ఞులు ఇంకను ఒక్క మాటగా తేల్చలేదు. ఇట్టి వేదనలో ఒక స్వరము వచ్చును: ప్రార్థన చేయించుకొంటిమి గదా, ఇక మందులు, డయాలసిస్ ఎందుకు? మానివేసి దేవుని శక్తిని చూతము. ఇది విశ్వాసమువలె ధ్వనించును. కాని ఇది దేవుని వంచజూచుటయే. ప్రభువు దీనిని నిరాకరించెను.

ప్రార్థనకును వైద్యమునకును విరోధము లేదని మన ప్రాంతపు సంఘమునకు తెలిసినంతగా మరెవరికి తెలియును? సోంపేటలోని కెనడా బాప్టిస్టు మిషను ఆసుపత్రిలో డాక్టరు బెన్ గల్లిసన్ గారు ప్రార్థనయు చేసిరి, కంటి శస్త్రచికిత్సయు చేసిరి. ఆయన సేవకు తోడ్పడుటకై 1963లో కెనడాలోని కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ ఆరంభమాయెను. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండముల వ్యాధి పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. రోగియైన సహోదరుడా, మోకాళ్లూని ప్రార్థింపుము. లేచి ఆసుపత్రికి వెళ్లుము. రెండును ఒకే తండ్రియందలి నమ్మకమే.

మూడవ శోధన కొండ మీదిది. ఒక్కసారి వంగుము, అంతయు ఇచ్చెదను అని అపవాది చెప్పెను. మనకు లోకరాజ్యములు చూపనక్కరలేదు. ఎన్నికల ముందు రాత్రి తలుపు తట్టి చేతిలో పెట్టు కవరు చాలును. ఓటునకు లంచమిచ్చుట, పుచ్చుకొనుట రెండును చట్టములో నేరములే. సంఘపు పెద్ద కూడ దానిని పుచ్చుకొని, ఆదివారము నాడు అందులోనుండి కానుక వేసిన యెడల, ఆ కానుకను దేవుడేమనునో మనమే తలంచుకొందము. ఒక్కసారి వంగిన మెడకు రెండవసారి వంగుట సులువు.

3. ప్రభువు ఎట్లు జయించెను?

ఆయన మూడుసార్లును లేఖనముతోనే జవాబు చెప్పెను. ఆ మూడు జవాబులును ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయములలోనివి. ఇశ్రాయేలీయులు అరణ్యములో తప్పిపోయిన సందర్భమునకు సంబంధించిన మాటలవి. జనము ఓడిపోయిన చోటనే కుమారుడు జయించెను. అరణ్యములో ఆయన చేతిలో గ్రంథపు చుట్ట యున్నదని మనము చదువము. వాక్యము ముందుగానే ఆయన హృదయములో నుండెను.

యంత్రములు వచ్చిన కర్మాగారములు నేడు చాల ఉన్నను, జీడిపిక్కలు చేతితో కొట్టిన మన తల్లులను జ్ఞాపకము చేసికొనుడి. పిక్క పెంకులోని నూనె చర్మమును కాల్చును. అందుచేత వారు పనికి కూర్చుండకమునుపే చేతులకు బూడిదయో నూనెయో రాచుకొనెడివారు. కాలిన తరువాత రాచుకొనునది మందు, ముందుగా రాచుకొనునది కాపుదల. వాక్యము మనకు రెండు విధములుగాను ఉపయోగపడును. కాని మనలో అనేకులు దానిని మందుగానే వాడుచున్నారు.

దానియేలును చూడుడి. చిన్నతనముననే పరదేశమునకు కొనిపోబడి, క్రొత్త భాష, క్రొత్త పేరు, క్రొత్త భోజనము నడుమ నుంచబడెను. రాజుగారి భోజనముచే తన్ను అపవిత్రపరచుకొనకూడదని అతడు ముందే మనస్సులో తీర్మానము చేసికొనెను. పళ్లెము ఎదుటికి వచ్చిన తరువాత ఆలోచించినవాడు కాడు. పలాస స్టేషనులో రైలెక్కి హైదరాబాదునకో చెన్నైకో పనికి వెళ్లు మన కుమారులకు ఇది పాఠము. జీతము అందిన రాత్రి గదిలోని స్నేహితులు సీసా తెరచినప్పుడు తీర్మానించుకొనుట కష్టము. రైలెక్కకమునుపే ఇంటిలో, తలిదండ్రులతో కలిసి ప్రార్థించి తీర్మానించుకొనుట మేలు. తండ్రులారా, ప్రయాణపు సంచిలో బట్టలు సర్దినప్పుడే ఈ మాటయు వారితో మాటలాడుడి.

యోసేపు దినదినము కాదనుచు వచ్చినవాడు గనుక, కడపటి దినమున వస్త్రము విడిచి పారిపోగలిగెను. పారిపోవుట పిరికితనము కాదు. దావీదు దీనికి మారుగా, యుద్ధమునకు వెళ్లవలసిన కాలములో ఇంటిలో నిలిచి, మేడమీద తిరుగుచు చూచెను, చూచి ఆగెను. గొల్యాతును కొట్టిన చేయి అక్కడ పనికిరాలేదు. నిలిచి పోరాడవలసిన శోధన కొంత కలదు, కాళ్లకు బుద్ధి చెప్పవలసిన శోధన కొంత కలదు. ఈ భేదమును ముందే ఎరిగియుండవలెను.

4. పడినవాని సంగతి

ఈ పాఠము చదువుచు, నేను ముందే పడితిని, నాకిది ఆలస్యమాయెను అని ఎవరైన దుఃఖించుచున్నారా? పేతురును తలంచుకొనుడి. మెలకువగా నుండి ప్రార్థింపుమని హెచ్చరింపబడియు నిద్రించెను, నిద్రించి బొంకెను. అయినను అతడు పడకమునుపే ప్రభువు అతనికొరకు వేడుకొనియుండెను (లూకా 22:32). మనము సిద్ధపడకపోయినను మన ప్రధానయాజకుడు ముందే సిద్ధపడియున్నాడు. ఆయన మనవలెనే అన్నిటిలో శోధింపబడి పాపము లేనివాడైయుండెను గనుక (హెబ్రీ 4:15) మన బలహీనత ఆయనకు తెలియును. ఒప్పుకొనినవానిని క్షమించుటకు ఆయన నమ్మదగినవాడు (1 యోహాను 1:9). లెక్క ఎక్కువ వ్రాయించినవాడు దానిని సరిచేసికొనవచ్చును, కవరు పుచ్చుకొనినవాడు దానిని తిరిగి ఇచ్చివేయవచ్చును. సిగ్గు ఒక దినము, సమాధానము జీవితకాలము.

లూకా తన సువార్తలో ఒక హెచ్చరిక చేర్చెను: అపవాది ప్రభువును కొంతకాలమునకే విడిచిపోయెను (4:13). వాడు మరల వచ్చును. అక్టోబరు మరల వచ్చునట్లే వచ్చును. కాబట్టి ప్రియులారా, గాలి లేని ఈ సాయంకాలముననే సున్నపు బొట్లు పెట్టుకొందము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నాకు తరచుగా వచ్చు శోధన ఏది? అది ఏ వేళ, ఎవరి మధ్య వచ్చుచున్నది?
2. దాని కొరకు ముందుగా నేను హృదయములో నుంచుకొనిన వాక్యమేది?
3. నేను తడబడినప్పుడు నిజము చెప్పగలవారు నా ఇంటిలో, నా సంఘములో ఎవరు? వారి మాట వినుటకు నేను సిద్ధముగా నున్నానా?
4. నేను సరిచేసికొనవలసిన లెక్క ఏదైన కలదా?

ప్రార్థన: అరణ్యములో ఆకలిగొనిన ప్రభువా, మా ఆకలి నీకు తెలియును. రొట్టె కొరకు మేము నిన్ను విడువకుండునట్లు కాపాడుము. మా రోగులను ఆదరించుము, దూరదేశమునందున్న మా పిల్లలను కాయుము. గాలి లేవకమునుపే మమ్మును సిద్ధపరచుము, పడినవారిని లేవనెత్తుము. ఆమేన్.