బ్రిటన్ అద్దె ఇంట్లో బూజు: ఏడాది పొడవునా జాగ్రత్తలు

బ్రిటన్ ఇళ్ల గోడలకు పట్టే నల్ల బూజుకు చాలావరకు మూలం ఇంటి లోపలి తేమే. ఊపిరి, వంట, స్నానం, ఆరేసిన బట్టలు అన్నీ గాలిలోకి నీటిని వదులుతూనే ఉంటాయి. వెచ్చటి గాలి ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు సుమారు 17 గ్రాములు, 5 డిగ్రీల దగ్గర 7 గ్రాముల లోపే. ఆ వెచ్చటి గాలి చల్లటి బయటిగోడను తాకితే, ఐసునీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టు గోడ తడుస్తుంది. ఆ తడి రోజుల తరబడి ఆరకుంటే బూజు పుడుతుంది.

తెలుగు నేల నుంచి వచ్చినవారు పొరబడేది ఇక్కడే. కోస్తాలో వానాకాలపు గాలి వెచ్చగా, తేమతో బరువుగా ఉంటుంది కాబట్టి ముసురు పట్టినప్పుడు కిటికీలు మూయడం అక్కడ సరైన పనే. జనవరిలో మాంచెస్టర్‌లో వాన కురుస్తున్నా బయటి గాలిలో నీరు తక్కువ. 5 డిగ్రీల గాలి నిండా తడిగా ఉన్నా, గదిలోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కేసరికి దాని సాపేక్ష తేమ 40 శాతం దరిదాపులకు పడిపోతుంది. కిటికీ మూస్తే ఇంటి తేమ ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ మాటకు తల ఊపి, సాయంత్రానికల్లా కిటికీ పైనున్న సన్నటి గాలి సందుకు (ట్రికిల్ వెంట్) టేపు అంటించేవారికి కొదవ లేదు.

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఇంట్లో బట్టలు ఆరేయడం. మెషీన్ పిండిన తర్వాత కూడా ఒక విడత బట్టల్లో రెండు లీటర్ల దాకా నీరు మిగలవచ్చు. అది పోయేది గదిలోని గాలిలోకే. కొత్త కాపురాల్లో ఏటా ఒకటే కథ, మనుషులే మారతారు. రేడియేటర్ల నిండా తడి బట్టలు, వేడి వృథా కాకూడదని బిగించిన కిటికీలు, పడకగది తలుపు మాత్రం బార్లా. సంక్రాంతి నాటికి బయటిగోడకు ఆనించిన అల్మరా వెనక నల్లటి మచ్చలు. మంచం కింది సూట్‌కేసు తెరిస్తే పెళ్లి పట్టుచీర మడతల్లోనూ అవే. ఇల్లు ఖాళీ చేసే రోజున డిపాజిట్‌లో కోత. ఊళ్లో డాబా మీద దండేనికి వేసిన చీర మధ్యాహ్నానికల్లా గలగలలాడేది. ఇంటిని బూజు నుంచి కాచింది ఆ ఎండేనని అక్కడున్నన్నాళ్లూ ఎవరికీ తట్టదు. ఇక్కడి డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది.

ఇంట్లో ఆరేయక తప్పకపోతే ఒకే గదిలో ఆరేసి, ఆ గది తలుపు మూసి, కిటికీ కాస్త తెరవాలి. లేదా కిటికీ మూసి, గాలిలోని తేమను లాగే డీహ్యుమిడిఫైయర్ పెట్టాలి. రేడియేటర్ మీద మాత్రం వద్దు. పసిపిల్లల బట్టలైనా, రెండే చొక్కాలైనా వద్దు.

వంటకు మూత, స్నానానికి ఆవిరిని బయటికి లాగే ఫ్యాను. స్నానం అయ్యాక మరో ఇరవై నిమిషాలు ఫ్యాను తిరగనిస్తే చాలు.

అక్టోబరులోనే అల్మరాలు, సోఫాలు బయటిగోడ నుంచి బెత్తెడు దూరం జరపాలి. చవకగా దొరికే తేమమాపకం కొని, గది సాపేక్ష తేమ 40-60 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. చలికాలంలో హీటర్‌ను రోజంతా ఆర్పి రాత్రి గంటసేపు మండించే పొదుపు గోడలను చల్లగానే ఉంచుతుంది. 18 డిగ్రీలు నిలకడగా ఉండడం మేలు. పొద్దున్నే కిటికీ అద్దాల తడి తుడవాలి. వేసవిలో పైకప్పు నీటి గొట్టాలు, గోడ పగుళ్లు చూసుకోవాలి. పట్టుబట్టలకు గాలి తగలనివ్వాలి. నేలమాళిగ గదుల్లో మాత్రం వేసవి గాలే చల్లటి గోడను తడుపుతుంది, అక్కడ డీహ్యుమిడిఫైయరే దిక్కు.

పట్టిన బూజును పొడిగా గీకితే బీజాలు గదంతా చెదురుతాయి. మాస్కు, చేతితొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి, బూజునాశక ద్రావణంతో తుడవాలి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ కలిపితే విషవాయువు పుడుతుంది. తేమ తగ్గించకుండా పైన రంగు వేస్తే బూజు మళ్లీ బయటపడుతుంది.

గోడలోంచి, పైకప్పులోంచి నీరు దిగితే తప్పు అద్దెదారుది కాదు. 2020 డిసెంబరులో రాచ్‌డేల్‌లో రెండేళ్ల అవాబ్ ఇషాక్ బూజువల్ల వచ్చిన శ్వాసవ్యాధితో మరణించాడు. యజమానులు బూజుపై చర్య తీసుకోవాలంటూ ఆ బిడ్డ పేరున వచ్చిన నిబంధనలు ఇంగ్లండ్‌లోని సామాజిక గృహాలకు 2025 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రైవేటు అద్దె ఇల్లు కూడా నివాసయోగ్యంగా ఉండాలని అక్కడి 2018 చట్టం చెబుతోంది. ఫిర్యాదు ఫోన్లో కాక ఈమెయిల్‌లో, తేదీ వేసిన ఫొటోలతో పంపాలి. యజమాని కదలకపోతే కౌన్సిల్‌లోని పర్యావరణ ఆరోగ్య విభాగానికి రాయాలి. కోపంతో అద్దె ఆపితే ఆ బకాయే యజమాని కోర్టుకు వెళ్లడానికి కారణమవుతుంది.