మళ్ళీ ఎందుకు మొదలవుతుంది?

మా పెదనాన్న కొడుకు, అన్నయ్య, బండి మీంచి పడ్డాక నడుం నొప్పికని మొదలెట్టిన ట్రమడాల్ మాత్రలకి అలవాటుపడిపోయాడు. రెండు నెలలు డీ-అడిక్షన్ సెంటర్లో ఉండి వచ్చాడు. అక్కడ బాగానే ఉన్నాడు. కోనసీమలో మా ఊరి బస్సు దిగి, రోజూ మాత్రలేసుకునే కాలవ లాకుల దగ్గరికి రాగానే ఒళ్ళంతా చెమటలు, ఆవలింతలు, ముక్కు కారడం! మందు మానేసి రెండు నెలలైంది కదా? "వీడికి బుద్ధి లేదు" అన్నారు ఇంట్లో. నేనూ అన్నాను.

తర్వాత కూర్చుని చదివాను. నల్లమందు నుంచి వచ్చినవీ, దానిలా పనిచేసేవీ అన్నీ ఓపియాయిడ్లే: మార్ఫిన్, హెరాయిన్, ట్రమడాల్. మనకి కొత్తేం కాదు, బ్రిటిష్ కాలంలో గోదావరి ఏజెన్సీలో మన్యం జ్వరానికి మందని నల్లమందు తినేవారు. 2019లో వచ్చిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో వీటితో ఇబ్బందిపడేవాళ్ళు సుమారు 77 లక్షలు. అందులో సగానికి పైగా ఉన్న కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అన్నయ్యకి జరిగింది అబ్రహాం విక్లర్ అనే అమెరికా డాక్టరు ఎప్పుడో గమనించాడు. గంట మోగితే పావ్లోవ్ కుక్కకి లాలాజలం ఊరినట్టే, మందు వాడిన చోటు కనిపిస్తే చాలు, ఒళ్ళు మందు అడుగుతుంది. (యాప్ తీసేసినా సెట్టింగ్స్ ఫైల్ మిగిలిపోతుందే, అలా.) వియత్నాంలో హెరాయిన్‌కి బానిసలైన అమెరికా సైనికుల్ని లీ రాబిన్స్ పరిశీలిస్తే, ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైంది దాదాపు 5 శాతమే. చోటు మారడం ఒక్కటే కారణం కాదు గానీ, అదీ ఒకటి. అన్నయ్యది సరిగ్గా ఉల్టా: వైద్యం ఎక్కడో, తిరిగొచ్చింది లాకుల దగ్గరికే.

రెండోది సిగ్గు. ఆ రోజు ఒక్క మాత్రే వేసుకున్నాడట. "ఎలాగూ తప్పు చేసేశాను, నేనింతేలే అనిపించిందిరా" అన్నాడు. స్ట్రిప్పంతా మింగేశాడు. ఒక్కసారి జారితే అంతా పోయిందనుకునే ఈ ఆలోచన గురించి అలన్ మార్లాట్ 1985లోనే పుస్తకం రాశాడు. ప్రమాదమంతా ఇక్కడే. మానేశాక ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు, పాత మోతాదుకే ఊపిరి ఆగిపోవచ్చు. అన్నయ్యకి ఫిట్స్ వచ్చాయి, ఆసుపత్రిలో బతికాడు. మేమన్న "బుద్ధి లేదు" కూడా ఆ "నేనింతేలే"కి ఎంత తోడైందో!

ఎవరికైనా అవసరమైతే 14446కి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం.

ఇప్పుడు అన్నయ్య ఒక స్టాపు ముందే దిగుతాడు. సెలవులకి వెళ్తే నేనే బండి మీద తీసుకొస్తాను, లాకుల వైపు కాకుండా చుట్టూ తిప్పి. పెద్దమ్మ మాత్రం ఇంకా వాడి జేబులు వెతుకుతుంది. వాడు చూస్తూనే ఉంటాడు. ఆవిడకి చెప్పడం నావల్ల కావట్లేదు.