నల్ల తెర మీద నాలుగు మాటలు

(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

కంప్యూటరు అనగానే మనలో చాలామందికి రంగురంగుల బొమ్మలు, వాటి మీద తిరిగే బాణం గుర్తుకొస్తాయి. ఈ వ్యాసంలో ఆ బొమ్మలు లేవు. నల్లని తెర, దాని మీద మిణుకుమిణుకుమనే ఒక గీత, మనం కొట్టే నాలుగు మాటలు, అంతే. దీనినే కమాండ్ లైన్ అంటారు. దీని సాయంతో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును మన మిషనులో ఎలా పెట్టుకోవచ్చునో, ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరును కూర్చున్నచోటి నుంచే ఎలా నడపవచ్చునో నాకు తెలిసినంతలో చెబుతాను. కంప్యూటర్ సైన్సు మిత్రులకు ఇందులో కొంత తెలిసిన విషయమే. బోటనీ, జువాలజీ, కామర్సు మిత్రులను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను కనుక వారు ఓపిక పట్టాలని మనవి. ఇంకొక మాట: అచ్చులో ఆజ్ఞలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి? రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక నాకిది విత్తనం లెక్కన అర్థమైంది. హైబ్రిడ్ మిరప విత్తనం ప్రతి ఏడూ కొనాల్సిందే. దాని పంటలోంచి గింజ తీసి మళ్ళీ వేస్తే మొక్కలు ఒక్క తీరుగా రావు. అదే సూటి రకం వరి అయితే రెండు బస్తాలు దాచుకొని మరుసటి కారుకి వేసుకుంటాం, పక్కింటి బాబాయికీ ఇస్తాం. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా ఈ హక్కును ఒప్పుకుంది. బ్రాండు పేరు పెట్టి అమ్మవద్దన్నదే షరతు. సాఫ్ట్‌వేరులోనూ ఇదే సంగతి. వాడుకోవడం, లోపల ఏముందో చదివి మార్చుకోవడం, ఇతరులకు పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం - ఈ నాలుగూ ఉండాలని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామరు గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి లినక్స్ కెర్నల్ రాసి అందరికీ ఇచ్చాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. మనకంటే ఒకటి రెండేళ్ళు పెద్ద, అంతే! 1993లో డెబియన్ మొదలైంది. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట ఉండటంతో వాళ్ళకు ఈ తేడా విడమరచి చెప్పుకోవలసి వచ్చింది. మనకా బాధ లేదు. హైదరాబాదులో డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసిన సంస్థ తన పేరునే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. దాని తర్వాతది పాత మిషన్లు చాలావాటికి ఎక్కదు. మా ల్యాబులో మూలన పడేసిన ఆరు కంప్యూటర్లను తుక్కు కింద రాసేద్దామనుకుంటుంటే, మా లెక్చరరుగారి అనుమతితో వాటిలో లినక్స్ వేశాం. డెబియన్ ఫైలు దింపుకొని, పెన్‌డ్రైవులోకి రాసి, దానితో మిషను లేపాలి. ఉన్న డేటా అంతా ముందే వేరేచోట దాచుకోవాలి, ఎందుకంటే ఇన్‌స్టాలరు అడిగే ఒక ప్రశ్నకు 'సరే' అంటే డిస్కు మొత్తం చెరిగిపోతుంది. మిషను 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది కూడా చూసుకోవాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలరు లేదు, అలాంటి మిషనుకి డెబియన్ 12 వెయ్యాలి.

లినక్స్ ఎక్కాక సాఫ్ట్‌వేరు కోసం ఏ వెబ్‌సైటు వెంటా తిరగనక్కరలేదు. 'సుడో ఆప్ట్ అప్‌డేట్' అని కొడితే ఏమేమి దొరుకుతాయో ఆ జాబితా కొత్తదవుతుంది. ఇది జాబితా మాత్రమే, సరుకు కాదు. తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్' అని కావలసినదాని పేరు కొడితే సరుకు వస్తుంది, దానికి కావలసిన తోడు సామాన్లు కూడా అదే తెచ్చుకుంటుంది. 'ఫాంట్స్-తెలు' అన్న ప్యాకేజీ వేసి చూడండి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు మీ మిషనులోకి వస్తాయి. 'సుడో' అంటే పెద్దరికం తీసుకొని పని చేయడం అన్నమాట. పాస్‌వర్డు అడుగుతుంది. కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనపడదు. కీబోర్డు చెడిపోయిందని కంగారు పడవద్దు, వెనక నిలబడ్డవాడికి అక్షరాల లెక్క కూడా తెలియకూడదని అలా పెట్టారు.

మరి వచ్చిన సరుకు అసలుదేనా? సర్టిఫైడ్ విత్తనాల సంచికి నీలం ట్యాగు కుట్టి ఉంటుంది కదా, అలాగే డెబియన్ జాబితాకి ఒక డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం సరిపోకపోతే ఆప్ట్ ఊరుకోదు. నకిలీ విత్తనంతో ఒక కారు మొత్తం పోగొట్టుకున్న రైతులు మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అందుకే, ఎక్కడో కనపడిన ఆజ్ఞను చదవకుండా 'సుడో'తో కలిపి అతికించే అలవాటంటే నాకు ఒళ్ళు మంట. ట్యాగు లేని సంచి కొన్నట్టే అది.

ఇక దూరపు మిషను సంగతి. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నేను ఫోనులో ఏదో కొడుతుంటే మా నాయన అడిగాడు.

"ఆ కంప్యూటర్ ఏడుందిరా?"

"ఖమ్మంలో, మా ల్యాబులో ఉంది నాయనా."

"ఈడ కూసొని దాన్నెట్టా కదిలిస్తున్నవ్?"

"మన మోటారు స్టార్టర్ లాగే."

అంతే, ఇక అడగలేదు. స్టార్టరు డబ్బాలో సిమ్ కార్డు పెట్టించి, ఇంట్లోంచి ఫోను చేసి చేనులోని మోటారు వేయడం మా వైపు ఇప్పుడు మామూలే. మోటారు కనపడదు, కరెంటు ఉందో లేదో జవాబు మాత్రం వస్తుంది. సర్వరుతో మన వ్యవహారం కూడా ఇంతే. మాట పంపుతాం, పని అక్కడ జరుగుతుంది, జవాబు ఇక్కడికి వస్తుంది.

ఈ మాటలు మోసే పద్ధతి పేరు ఎస్ఎస్‌హెచ్. అంతకుముందు వాడిన టెల్‌నెట్‌లో పాస్‌వర్డు కూడా పోస్టుకార్డు మీద రాసినట్టు బట్టబయలుగా పోయేది. 1995లో ఫిన్లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులు దొంగిలించడంతో అక్కడి టాటు యులోనెన్ దీన్ని రాశారు. నేడు మనం వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌ను 1999లో ఓపెన్‌బిఎస్‌డి బృందం విడుదల చేసింది. 'ఎస్ఎస్‌హెచ్' అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, మన పేరు, 'ఎట్' గుర్తు, ఆ మిషను చిరునామా కొట్టాలి. మొదటిసారి అది ఒక వేలిముద్ర లాంటి వరుస చూపించి 'ఇది సరైన మిషనేనా?' అని అడుగుతుంది. పదిమందిలో తొమ్మిదిమంది చూడకుండానే 'యస్' కొడతారు. ఆ మిషను చూసుకునేవారిని అడిగి సరిపోల్చుకోవాలి. పైగా తరవాతెప్పుడైనా వేలిముద్ర మారిందని హెచ్చరిక వస్తే ఆగిపోవాలి. మిషనులో కొత్తగా సిస్టమ్ వేసి ఉండవచ్చు, లేదా మధ్యలో ఎవరో కూర్చొని ఉండవచ్చు.

పాస్‌వర్డు కంటే తాళంచెవి మేలు. 'ఎస్ఎస్‌హెచ్-కీజెన్' అని కొడితే రెండు ఫైళ్ళు పుడతాయి. ఒకటి తాళంకప్ప, దాన్ని ఏ సర్వరుకైనా తగిలించవచ్చు, ఎవరు చూసినా నష్టం లేదు. రెండోది చెవి. అది మన మిషను దాటకూడదు, ప్రాణస్నేహితుడికైనా పంపకూడదు.

ఇదంతా ఎందుకు, బొమ్మల మీద నొక్కితే పోదా అనవచ్చు. మా ఊరు భద్రాచలం అవతల, అడవి అంచున. వాన పడితే సిగ్నలు ఒక గీతకు దిగుతుంది. అప్పుడు బొమ్మల పేజీ తెరుచుకోదు గాని, ఎస్ఎస్‌హెచ్‌లో ఒక అక్షరానికి రానూపోనూ రెండు మూడు వందల బైట్లు చాలు కాబట్టి నడుస్తుంది. నా ప్రాజెక్టు పత్రికల్లో వచ్చిన గోదావరి మట్టాలను ఒకచోట చేర్చి గ్రాఫులు గీయడం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు ఎక్కింది, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఆ లెక్కలన్నీ ల్యాబు మిషనులో ఉన్నాయి. నేను ఇంటి దగ్గరనుంచే వాటిమీద పని చేస్తున్నాను. లైను తెగితే? ముందుగా 'టీమక్స్' అని కొట్టి అందులో పని మొదలుపెట్టాలి. మన ఫోను ఆగిపోయినా అక్కడి పని ఆగదు. సిగ్నలు వచ్చాక 'టీమక్స్ అటాచ్' అంటే వదిలినచోటే ఉంటుంది. చేనుగట్టు నుంచి ఇంటికొచ్చినా మోటారు తిరుగుతూనే ఉంటుంది కదా!

అందరికీ తెరిచి పెడితే దొంగ దూరడా అని మా క్లాసులో ఒక మిత్రుడు వాదించాడు. దూరాడు కూడా! ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు సాఫ్ట్‌వేరులో ఒకరు రెండేళ్ళపాటు మంచివాడిగా పనిచేసి, ఎస్ఎస్‌హెచ్ గుండా లోపలికి పోయే దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు ఎస్ఎస్‌హెచ్ ప్రవేశం అర సెకను ఆలస్యమైనట్టు అనిపించింది. ఎందుకా అని తవ్వితే ఇది బయటపడింది. డెబియన్ స్థిరమైన విడుదలలోకి అది ఇంకా చేరలేదు. అర సెకను! లోపల ఏముందో చూసే వీలు ఉంది కాబట్టే ఆయన తవ్వగలిగారు. మూసి ఉన్న సరుకయితే అనుమానం దగ్గరే ఆగేది. అయితే అంత ముఖ్యమైన సాఫ్ట్‌వేరును జీతం లేకుండా ఒకే మనిషి మోస్తూ ఉండటం కూడా ఆ సందర్భంలోనే లోకానికి తెలిసింది. నా మిత్రుడి వాదనలో ఆ మేరకు బలముందని ఒప్పుకుంటాను.

ల్యాప్‌టాప్ లేదని వెనకడుగు వేయవద్దు. ఆండ్రాయిడ్ ఫోనులో ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ దింపుకోండి. హాస్టల్లో ఇద్దరు ఒకే హాట్‌స్పాట్ మీద ఉండి, ఇద్దరూ 'పికెజి ఇన్‌స్టాల్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్' కొట్టండి. ఒకరు 'పాస్‌డబ్ల్యుడి' అని కొట్టి పాస్‌వర్డు పెట్టుకొని 'ఎస్ఎస్‌హెచ్‌డి' నడపండి. రెండోవారు 'ఎస్ఎస్‌హెచ్ -పి 8022' తర్వాత మొదటివారి చిరునామా కొట్టండి. మామూలు సర్వర్లలో ఈ ద్వారం నంబరు 22, టెర్మక్స్‌లో 8022. రూపాయి ఖర్చు లేకుండా ఒకరి ఫోను సర్వరు, రెండోది టెర్మినలు అవుతాయి. పని అయ్యాక 'ఎగ్జిట్' కొట్టడం, పాస్‌వర్డు మార్చుకోవడం మరువవద్దు. అది కుదిరినవారు ల్యాబుకు రండి. బాగుచేసిన ఆరు మిషన్లలో రెండు మధ్యాహ్నం మూడు తర్వాత ఖాళీగానే ఉంటున్నాయి. 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి వెంట తెచ్చుకుంటే మీ ఇంట్లోని పాత మిషనుకు వేసుకొనే డెబియన్ రాసి ఇస్తాం.