గాదె యెంత? గిడ్డంగిలో చోటెంత?

కోతకు ముందు రైతు అనేక విషయముల నాలోచించును. కూలీల మాట, కోతయంత్రపు బాడుగ మాట, కళ్లపు మాట, వాన మాట అందరి నోటను నుండును. కాని నూర్చిన ధాన్యమును ఎక్కడ, ఎంత చోటులో, ఎన్ని నెలలు ఉంచవలెనను ప్రశ్నను ముందుగా లెక్క వేసికొనువారు అరుదు. తీరా ధాన్యము రాశి పడిన తరువాత చోటు చాలదని తెలిసి, వచ్చిన ధరకు తెగనమ్ముట జరుగుచున్నది. మరికొందరు ఒక యేడు పడిన బాధను తలచుకొని అవసరమునకు మించిన గదిని బాడుగకు తీసికొని, అందులో సగము ఖాళీగా నుంచి, లేని ధాన్యమునకు బాడుగ చెల్లింతురు. ఈ రెండును నష్టములే. కావున నిలువచోటు పరిమాణమును నిర్ణయించుకొను విధమును ఈ నెల పాఠముగా సభ్యుల ముందుంచుచున్నాము.

మన పెద్దలకు ఈ లెక్క తెలియనిది కాదు. గరిసె యను మాట ధాన్యము నిలువయుంచు కొట్టునకును, ధాన్యపు కొలతకును గూడ పేరుగా నున్నది. ఇది ఇన్ని పుట్ల గాదె, ఇది ఇన్ని పుట్ల పాతర అని చెప్పుకొనుట వాడుక. పుట్టికి 20 తూములు, తూమునకు 4 కుంచములు, కుంచమునకు 4 మానికలు. అయితే ఈ కొలతలు సీమకొక తీరుగా నుండెడివి. నేడు బస్తా సంగతియు నట్లే యున్నది. ఒక చోట 75 కిలోల బస్తా, మరియొక చోట అంతకంటె చిన్న సంచి వాడుకలో నున్నవి. కావున లెక్కను కిలోలలోనే వేసికొనవలెను. ఈ పాఠములో బస్తా యనిన 75 కిలోలని గ్రహింపవలెను.

1. పంటంతకు చోటు అక్కరలేదు

చోటు వెదకుకొను రైతు సాధారణముగా చేయు పొరపాటు పంట మొత్తమునకు లెక్క వేయుట. నిలువచోటు కావలసినది పండిన ధాన్యమునకు గాదు, ఉంచదలచిన ధాన్యమునకు. ఉంచదలచినది మూడు విధములు: తిండికి, విత్తనమునకు, ధరకు. మిగిలినది కళ్లమునుండియే పోవును.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక సభ్యునకు 3 ఎకరముల మాగాణి కలదు. ఎకరమునకు 25 బస్తాల చొప్పున 75 బస్తాలు పండినవనుకొందము. ఇంట అయిదుగురు. నెలకు 45 కిలోల బియ్యము ఖర్చగును. సంవత్సరమునకు 540 కిలోలు. 100 కిలోల వడ్లను మర పట్టించినచో సుమారు 66 కిలోల బియ్యము వచ్చును. కావున తిండికి 820 కిలోల వడ్లు, అనగా 11 బస్తాలు కావలెను. ఎకరమునకు 25 కిలోల చొప్పున విత్తనమునకు ఒక బస్తా. అప్పులకును, కూలికిని, ఎరువుల బాకీకిని 43 బస్తాలు వెంటనే అమ్మవలసియున్నది. మిగిలిన 20 బస్తాలను ధర కొరకు ఉంచవచ్చును. మొత్తము ఉంచవలసినది 32 బస్తాలు. 75 బస్తాలకు చోటు వెదకిన రైతు, కావలసినదానికి రెట్టింపు కంటె ఎక్కువ చోటును వెదకినవాడగుచున్నాడు.

సార్వాయు దాళ్వాయు పండించువారికి తిండి గింజలు సంవత్సరమునకు గాక ఆరు నెలలకే ఉంచిన చాలును. పాతగింజలపై క్రొత్తగింజలు పోయుట ఎన్నడును తగదు. పాతవానిలోని ముక్కపురుగు క్రొత్తవానికి సంక్రమించును. గాదెను ఖాళీ చేసి, ఊడ్చి, పగుళ్లు పూడ్చి, అలికి, ఎండిన పిమ్మటనే క్రొత్తపంటను పోయవలెను.

2. ఎండిన ధాన్యమునే కొలువవలెను

కోతనాడు వడ్లలో నూటికి 20 పాళ్లకు పైగా తేమ యుండును. ప్రభుత్వ కొనుగోలు కేంద్రములలో 17 పాళ్ల వరకు అంగీకరింతురు. కాని కొనుగోలునకు తగిన ధాన్యము నిలువకు తగినదని తలపరాదు. కొలది నెలలు ఉంచవలెననిన తేమ 14 పాళ్లకు మించరాదు. ఏడాది ఉంచవలసినచో 13 పాళ్లకును, విత్తనమునకు 12 పాళ్లకును దించవలెను. తేమ యెక్కువైన ధాన్యము తనంతట తానే వేడెక్కి, బూజుపట్టి, రంగు మారును.

17 పాళ్ల తేమగల 100 కిలోల ధాన్యమును 13 పాళ్ల వరకు ఎండబెట్టినచో సుమారు 95 కిలోలన్నర మిగులును. ఈ తరుగును ముందుగానే లెక్కలో చేర్చుకొననివారు, తరువాత తూకములో మోసము జరిగినదని గిడ్డంగివారితో తగవులాడుట కలదు. చోటు లెక్కయు, ధర లెక్కయు ఎండిన తూకముమీదనే వేయవలెను.

3. ఘనపుటడుగుల లెక్క

ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తుగల చోటును ఘనపుటడుగు అందురు. అంత చోటులో విడిగా పోసిన వడ్లు సుమారు 16 కిలోలు పట్టును. మొక్కజొన్న గింజలు 20 కిలోలు, బియ్యము 22 కిలోలు, కందులు 22 కిలోలు పట్టును. వేరుసెనగకాయలు మాత్రము 8 కిలోలే పట్టును. కావున వడ్లకు చాలిన గాదె అదే తూకముగల కాయలకు చాలదు. పైరు మార్చిన రైతు నిలువ లెక్కను గూడ మార్చుకొనవలెను.

గుండ్రని గాదె కొలుచుట సులభము. అడ్డుకొలతను అడ్డుకొలతతో హెచ్చించి, దానిని ఎత్తుతో హెచ్చించి, వచ్చినదానిని 11 చేత హెచ్చించి 14 చేత భాగింపవలెను. 4 అడుగుల అడ్డుకొలత, 5 అడుగుల ఎత్తుగల గాదెకు 4, 4, 5 హెచ్చింపగా 80. దానిని 11 చేత హెచ్చించి 14 చేత భాగింపగా సుమారు 63 ఘనపుటడుగులు. మన ఉదాహరణములోని తిండిగింజలు 11 బస్తాలకు 52 ఘనపుటడుగులు కావలెను. వానిని పోసిన తరువాత పైన ఇంచుమించు ఒక అడుగు ఖాళీ యుండును. చేయి పెట్టి చూచుటకును, వేడి తెలిసికొనుటకును అది చాలును.

అంతకంటె పెద్ద గాదె యేల కూడదని కొందరడుగవచ్చును. ఇనుపరేకు గాదెలో గింజలపైన ఖాళీ మిక్కుటముగా నున్నచో, రాత్రి రేకు చల్లబడినపుడు లోపలి గాలిలోని తేమ మూతకు నీరుపట్టి గింజలపై పడును. మూత బిగియుండు గాదె నిండుగా నున్నచో లోపల గాలి తక్కువై పురుగు పెరుగుట కష్టము. సగము ఖాళీయైన గాదె పురుగునకు ఊపిరి నిచ్చును.

ఈ కారణముచేతనే ఒక పెద్ద గాదెకంటె వేరువేరుగా చిన్న గాదెలు మేలని మా అభిప్రాయము. తిండి గాదెను నెలకొకమారైనను తెరువవలెను. విత్తనపు పాత్రను నాటువరకు తెరువరాదు. అమ్మదలచిన ధాన్యము ఒక్కసారిగా కదలును. మూడింటిని ఒకే చోట పోసినచో తిండికై తెరచిన ప్రతిమారును విత్తనమునకు గాలియు తేమయు తగులును. బస్తా విత్తనమునకు 5 ఘనపుటడుగుల మూతపాత్ర చాలును.

4. బస్తాల నిలువలో దారియే యెక్కువ

ధర కొరకు ఉంచు ధాన్యమును బస్తాలలో నుంచుట వాడుక. నిండిన బస్తా పరుండబెట్టినపుడు సుమారు 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అనగా 6 చదరపుటడుగుల నేల ఆక్రమించును. 20 బస్తాలను 5 వరుసల యెత్తున పేర్చినచో వరుసకు 4 బస్తాలు. దానికి 24 చదరపుటడుగులు, అనగా 4 అడుగులకు 6 అడుగుల చోటు చాలును.

ఇది చూచి 4 అడుగులకు 6 అడుగుల కొట్టు చాలునని తలపరాదు. బస్తాలను గోడకు ఆనించినచో గోడలోని చెమ్మ ధాన్యమున కెక్కును. ఎలుక వెనుక చేరినను కనబడదు. నేలమీద నేరుగా పెట్టినచో క్రిందివరుస చెడును. క్రింద కొయ్యచట్రములను గాని, ప్లాస్టిక్ పట్టాపై చాపలను గాని పరచి, నాలుగు ప్రక్కల రెండేసి అడుగుల దారి విడువవలెను. అప్పుడు కావలసిన గది 8 అడుగులకు 10 అడుగులు, అనగా 80 చదరపుటడుగులు. ధాన్యము ఆక్రమించినది 24. తక్కిన 56 దారియే. ఒంటరిగా గది బాడుగకు తీసికొను రైతు ఈ దారికంతయు బాడుగ చెల్లించుచున్నాడు.

5. పదిమంది కలసినచో

ఇక సహకారపు లెక్క చూతము. అట్టి రైతులు పదిమంది కలసి 200 బస్తాలను అదే 5 వరుసల యెత్తున ఒకే చోట పేర్చిరనుకొందము. వరుసకు 40 బస్తాలు. నేల 240 చదరపుటడుగులు, అనగా 12 అడుగులకు 20 అడుగులు. చుట్టును రెండడుగుల దారి విడిచినచో 16 అడుగులకు 24 అడుగుల గది, అనగా 384 చదరపుటడుగులు. ఒక్కొక్కరి వంతునకు 38 పైచిల్లర. ఒంటరివానికి 80, కలసినవానికి 38. ధాన్యము అదే, జాగ్రత్త అదే. చోటు మాత్రము సగముకంటె తక్కువ.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. నా బస్తాలు నావిగానే, విడిగానే ఉండవలెనని ప్రతివాడును పట్టుపట్టినచో, ఒక్కొక్క పేర్పునకు ఒక్కొక్క దారి విడువవలసివచ్చి, ఈ లాభము పోవును. కావున ఒకే రకపు, ఒకే తేమగల ధాన్యమును కలిపి పేర్చి, ఎవరివి ఎన్ని కిలోలో, ఏ రకమో, తేమ యెంతయో రసీదులో వ్రాసి ఇచ్చుట మేలు. తడిధాన్యము తెచ్చినవానిని చేర్చుకొనరాదు. ఒకని తడి పదిమంది ధాన్యమును చెరచును. ఇచ్చట ముఖము చూచి మర్యాద చేయుట సంఘమునకు ద్రోహము.

రసీదునకు వేరొక ప్రయోజనమును గలదు. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టము 2007లో వచ్చి 2010లో అమలులోనికి వచ్చినది. దానిక్రింద నమోదైన గిడ్డంగి ఇచ్చు బదిలీయోగ్యమైన రసీదును తాకట్టుపెట్టి ఋణము పొందవచ్చును. తాము ధాన్యము దాచు గిడ్డంగి అట్టిదా కాదా యని సభ్యులు ముందుగా విచారించుకొనవలెను.

6. ఎన్ని నెలలు? ఎంత లాభమునకు?

చోటు పరిమాణమును కాలమునుబట్టియు చూడవలెను. లెక్క కొరకు బస్తా ధర 1,500 రూపాయలనుకొందము. నాలుగు నెలలు ఉంచినచో, ఆ సొమ్ముతో తీర్చగల అప్పుపై నూటికి నెలకు ఒక రూపాయి చొప్పున వడ్డీ 60 రూపాయలు. బాడుగ నెలకు 6 చొప్పున 24. ఎత్తుడు, దింపుడు హమాలీ 16. తరుగును, పురుగును నూటికి రెండు చొప్పున 30. మొత్తము 130 రూపాయలు. నాలుగు నెలల తరువాత ధర 1,630 దాటిననే లాభము. దాటనిచో 20 బస్తాలు ఉంచినవానికి 2,600 రూపాయల వరకు నష్టము రావచ్చును. తమ యూరి ధరలతో, తమ వడ్డీతో ప్రతి సభ్యుడును ఈ లెక్కను తిరిగి వేసికొనవలెను.

మద్దతుధరకు కొనుగోలు కేంద్రములో అమ్మదలచిన ధాన్యమునకు నిలువచోటు అక్కరయే లేదు. దానికి కావలసినది ఎండబెట్టు కళ్లము, వాన వచ్చినచో కప్పు పట్టా. కేంద్రము మూయబడిన తరువాత ఇంట మిగిలిన ధాన్యమునకు ఆ ధర దొరకునని నమ్ముకొనుట క్షేమము కాదు. ఎక్కువ వడ్డీ అప్పు నెత్తిమీద నుండగా గాదె నింపుకొనుట లాభము కాదు. ముందు ఆ అప్పు తీర్చి, మిగిలినదానికే చోటు చూచుకొనవలెను.

7. సభ్యులు ఇపుడు చేయవలసినది

కోతకు నెలదినములు ముందుగా ప్రతి సభ్యుడును ఒక కాగితముపై అయిదు అంకెలు వ్రాసికొనవలెను: ఇంటి తిండికెంత, విత్తనమునకెంత, వెంటనే అమ్మవలసినదెంత, ధర కొరకు ఉంచదలచినదెంత, ఎన్ని నెలలకు. మొదటి రెండును ఇంటి గాదెలలో నుండును. నాలుగవదానిని, అయిదవదానిని సంఘపు కార్యాలయములో తెలుపవలెను. అందరి అంకెలను కూడినచో ఎంత గిడ్డంగి కావలెనో, ఏ నెలలో ఎంత ఖాళీయగునో పాలకవర్గమునకు తెలియును. ఆ లెక్క లేక గిడ్డంగి కట్టిన సంఘము పెద్దగాదె కొన్న రైతువంటిదే. ఖాళీచోటునకు వడ్డీ కట్టవలసినవారు చివరకు సభ్యులే గదా.

కళ్లములో రాశిప్రక్కన నిలిచి, మబ్బు చూచి, బేరగాని మొగము చూచి చేయు లెక్క రైతునకు అనుకూలముగా నుండదు. అదే లెక్కను ఇంట కూర్చుండి నెల ముందుగా చేసినచో ధరయు, ధాన్యమును రైతు చేతిలో నుండును. గాదె పెద్దదగుటవలన రైతు పెద్దవాడు కాడు. గాదెకు తగిన లెక్క గలవాడే నిశ్చింతగా నుండును.