గ్రహణం – విజ్ఞానం – విశ్వాసం

గ్రహణం రోజున భద్రాచలం ఆలయం తలుపులు మూసివేస్తారు. అది ఆ సోదరుల విశ్వాసం, దానిపై వ్యాఖ్యానించడం మన ఉద్దేశం కాదు. కానీ మన అడవి అంచు ఊళ్ళలో ముస్లిం ఇళ్ళలోనూ ఆ రోజు గర్భిణిని గదిలో ఉంచి, కత్తిపీట ముట్టవద్దు, అన్నం తినవద్దు అంటున్నారు. లేకపోతే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందట! దీనికి ఖుర్ఆన్‌లో గానీ హదీసుల్లో గానీ ఆధారం లేదు. వైద్యశాస్త్రం కూడా దీన్ని అంగీకరించదు.

దైవప్రవక్త (స) జీవితంలోని ఒక సంఘటన చూడండి. హిజ్రీ 10లో ఆయన ముద్దుల కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే మరణించాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాడి మరణం వల్లే సూర్యుడు చీకటయ్యాడని జనం అనుకున్నారు. తన గొప్పతనాన్ని చాటుకోవాలనుకునేవారికి అంతకన్నా మంచి అవకాశం ఉంటుందా? కానీ పుత్రశోకంలో ఉన్న ఆ తండ్రి ఆ మాటను ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని చెప్పారు. ప్రజలతో కలిసి నమాజు చేశారు.

“గ్రహణానికి కారణం తెలిశాక ఇక నమాజు ఎందుకు?” అని కొందరు చదువుకున్న యువకులు అడుగుతారు. చంద్రుని నీడ భూమి మీద పడటం వల్ల సూర్యగ్రహణం ఏర్పడుతుందన్న విషయం మన పండితులకు కొత్త కాదు. ఇమామ్ గజాలీ (రహ్) ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో గ్రహణాన్నే ఉదాహరణగా తీసుకున్నారు. లెక్కలతో రుజువైన విషయాన్ని ధర్మం పేరుతో కాదనేవాడు ధర్మానికే హాని చేస్తాడని హెచ్చరించారు.

1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచే సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల వెలుగును విశ్లేషించాడు. హీలియం మూలకం ఆచూకీ ఆ కాలపు పరిశోధనల్లోనే దొరికింది. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు సూర్యుణ్ణి పరిశీలిస్తుంటే, ఎంతోమంది తలుపులు బిగించుకుని ఇళ్ళలో కూర్చున్నారు. విజ్ఞానం ముందుకు సాగినా, భయం మాత్రం ‘గ్రహణం మొర్రి’ వంటి మాటల్లో మిగిలిపోయింది.

గ్రహణం ఎలా పట్టిందో శాస్త్రం చెబుతుంది. ఆ సూర్యచంద్రులను ఒక లెక్కలో నడిపేవాడెవరో ధర్మం గుర్తుచేస్తుంది. లెక్క తెలిసినంత మాత్రాన లెక్క పెట్టినవాణ్ణి మరువవచ్చా?

కాబట్టి గ్రహణ సమయంలో నమాజు చేయండి, దుఆ చేయండి, దానధర్మాలు చేయండి. సూర్యుణ్ణి నేరుగా చూడకండి, కళ్ళు పాడవుతాయి. గర్భిణికి ఆకలైతే అన్నం పెట్టండి.

2027 ఆగస్టు 2న మక్కాలో సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడనుంది. ఏ నిమిషానికి మొదలవుతుందో ఇప్పటికే లెక్క తేలింది. అయినా ఆ రోజు అక్కడి విశ్వాసులు నమాజుకు నిలబడతారు, ఇన్షా అల్లాహ్.