పాఠం 7: తెర చిత్రం తీయడం, దాచుకోవడం

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• కంప్యూటర్ తెరను చిత్రంగా తీయగలుగుతారు.
• దాన్ని కావలసినప్పుడు దొరికేలా దాచుకోగలుగుతారు.

7.1 ఎందుకు తీయాలి?

అండమాన్ దీవుల్లో ఇంటర్నెట్ చాలాకాలం ఉపగ్రహం మీదే ఆధారపడింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమయ్యాక వేగం పెరిగింది. అయినా పరీక్ష ఫీజు కడుతుండగా కరెంటు పోవచ్చు. డబ్బు ఖాతాలోంచి వెళ్ళి, రసీదు రాకపోతే ఏం చూపిస్తారు? లావాదేవీ సంఖ్య కనిపించగానే తెర చిత్రం తీసి ఉంచితే, దాన్ని చూపి విచారించవచ్చు.

7.2 ఎలా తీయాలి?

విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్లలో:
1. విండోస్ మీటను నొక్కి పట్టుకుని, ప్రింట్ స్క్రీన్ మీటను నొక్కండి. చిత్రం పిక్చర్స్ ఫోల్డర్‌లోని స్క్రీన్‌షాట్స్‌లో చేరుతుంది.
2. కొంత భాగమే కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్ మీటలు కలిపి నొక్కి, మౌస్‌తో ఆ భాగాన్ని ఎంచుకోండి. పెయింట్ తెరిచి, కంట్రోల్, వి మీటలతో అతికించి, సేవ్ చేయండి.

7.3 ఎలా దాచుకోవాలి?

కంప్యూటర్ పెట్టిన పేరుతో వదిలేస్తే ఆరు నెలల తర్వాత ఏది దేనిదో తెలియదు. 'పరీక్ష ఫీజు' అని, పక్కన తేదీ వేసి పేరు మార్చండి. ఇంటర్నెట్ కేంద్రంలో తీసినట్లయితే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అక్కడి చిత్రాన్ని తొలగించి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. పాస్‌వర్డ్, కార్డు నంబరు కనిపించే తెరను తీయకండి.

గుర్తుంచుకోండి: తెర చిత్రం రసీదు కాదు, రసీదు చేతికి వచ్చేదాకా మీకు ఆసరా.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. తెర మొత్తాన్ని తీయడానికి ఏ మీటలు నొక్కాలి?
2. ఇంటర్నెట్ కేంద్రం నుంచి లేచేముందు ఏం చేయాలి? ఎందుకు?